బాబాయి ఇచ్చిన డీప్ పర్పుల్ రికార్డులు: తప్పు బ్యాండుది కాదు, కరెంటుది

ప్రశ్న: మా బాబాయి చాలా ఏళ్లు అమెరికాలో ఉండి నిరుడు విశాఖ వచ్చేశారు. వస్తూ తెచ్చిన రికార్డు ప్లేయరునూ, బ్రిటిష్ రాక్ బ్యాండు డీప్ పర్పుల్ ఆల్బమ్‌లు ఏడింటినీ నాకిచ్చారు. ఇన్ రాక్, ఫైర్‌బాల్, మషీన్ హెడ్, మేడ్ ఇన్ జపాన్, హూ డూ వుయ్ థింక్ వుయ్ ఆర్, బర్న్, పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్. ఈ బ్యాండు గురించి నాకు ‘స్మోక్ ఆన్ ద వాటర్’ తప్ప ఏమీ తెలీదు. 110 వోల్టుల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఆడిస్తున్నాను. పాటలు నీరసంగా, గొంతు మొద్దుగా వస్తున్నాయి. ఫోన్లో విన్నప్పుడు ఇలా లేదు. రికార్డుల్లో ఏదో ‘వెచ్చదనం’ ఉంటుందంటారే, ఇదేనా అది? గిటారు నేర్చుకుంటున్న మా చెల్లి రికార్డుతో పాటు వాయించబోతే శ్రుతి కలవడం లేదు. తీగలు దించి కట్టుకోమని ఎవరో చెప్పారట. పైగా ఒక రికార్డులో ఒక గాయకుడు, ఇంకోదాంట్లో ఇంకొకరు. ఎక్కడ మొదలుపెట్టి ఏ వరసలో వినాలి?

సమాధానం: వెచ్చదనం కాదండీ, అది వేగం తగ్గడం. చెల్లెలి గిటారు తీగలు దించొద్దు. మీరు రాసిన గుర్తులన్నీ ఒకే చోటికి చేరుతున్నాయి. పాటల వరస కంటే ముందు దాని సంగతి చూద్దాం, లేకపోతే ఏ ఆల్బమ్ విన్నా సగం బ్యాండే వినిపిస్తుంది.

అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క). మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు దించుతుంది కానీ హెర్ట్జ్ జోలికి పోదు. పాత బెల్టు ప్లేయర్లలో చాలావాటికి సింక్రనస్ ఏసీ మోటారు ఉంటుంది. అది కరెంటు హెర్ట్జ్‌ని బట్టే తిరుగుతుంది. 60కి బదులు 50 అందితే ఆరింట అయిదు వంతుల వేగమే వస్తుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం సుమారు 27.8 చుట్లే తిరుగుతుంది. పాట అయిదో వంతు సాగుతుంది, శ్రుతి మూడు అరస్వరాలు, ఇంకా రవ్వంత, కిందికి జారుతుంది. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ శ్రుతి జి. మీ ఇంట్లో అది దాదాపు ఇ దగ్గర మోగుతోందన్నమాట. మీ చెల్లికి కలవనిది అందుకే. ఆ అమ్మాయి చెవి సరిగ్గానే ఉంది.

నమ్మకం కుదరాలంటే కొలిచి చూడండి. ఖర్చేమీ లేదు. రికార్డు లేబుల్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ముల్లు పెట్టి పాట ఆడుతుండగా సరిగ్గా 3 నిమిషాలు చుట్లు లెక్కపెట్టండి. వేగం సరిగా ఉంటే 100 చుట్లు రావాలి. 83 వస్తే హెర్ట్జ్ గొడవే. 95, 97 అలా వస్తే బెల్టు సాగిపోయిందనో, మోటారుకు నూనె ఎండిపోయిందనో అర్థం. పాటతోనూ చూడొచ్చు. మషీన్ హెడ్ మొదటి పాట ‘హైవే స్టార్’ 6 నిమిషాల 5 సెకన్లు. మీ దగ్గర అది 7 నిమిషాల 18 సెకన్ల దాకా సాగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. పళ్లెం అంచున చుక్కల వరసలుంటే ఒక జాగ్రత్త: 60 హెర్ట్జ్ వరస వేరు, 50 హెర్ట్జ్ వరస వేరు. మన కరెంటుతో వెలిగే దీపం కింద 60 వరస నిలబడినట్టు కనిపించినా వేగం తప్పే.

వేగం తక్కువైతే 45 మీట నొక్కితే సరిపోతుందేమో అనిపిస్తుంది. సరిపోదు. 45లో ఆరింట అయిదు వంతులు అంటే 37.5 చుట్లు. ఈసారి పాట రెండు అరస్వరాలు పైకి లేచి, గాయకుడు ఇయన్ గిల్లన్ గొంతు చిన్నపిల్లాడి గొంతులా వస్తుంది.

బాగుచేసే దారులు మూడు. మొదటిది, మోటారు ఇరుసు మీద ఉండే చిన్న పుల్లీ మార్చడం. చాలా కంపెనీలు ఒకే మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ, 60 హెర్ట్జ్ పుల్లీ విడివిడిగా చేశాయి. మీకు కావలసింది ఇప్పుడున్నదానికంటే 1.2 రెట్లు లావుగా ఉండేది. మోడల్ నంబరు చెప్పి అడిగితే పాత విడిభాగాలు అమ్మేవాళ్ల దగ్గర దొరకొచ్చు, లేదా కొలత ఇచ్చి లేత్ మీద చేయించుకోవచ్చు. లేత్ పని అయితే మధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా పాట ఊగుతుంది, కాబట్టి వాచీల స్థాయి పని చేసేవాడి దగ్గరికే వెళ్లండి. ఉన్న పుల్లీకి టేపు చుట్టి లావు చేసే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. టేపు కలిసిన చోట ఎత్తు వచ్చి పియానో, ఆర్గన్ నాదాలు వణుకుతాయి. డీప్ పర్పుల్‌లో సగం ఆర్గనే, వద్దు. రెండోది, 115 వోల్టులు 60 హెర్ట్జ్ స్వచ్ఛమైన సైన్ తరంగం ఇచ్చే చిన్న ఎలక్ట్రానిక్ సరఫరా పెట్టె. ప్లేయరు మోటారు తినేది కొద్ది వాట్లే కాబట్టి పెద్ద పెట్టె అక్కర్లేదు. ఇంట్లో కరెంటు పోతే వాడే ఇన్వర్టర్ పనికిరాదు, అది ఇచ్చేదీ 50 హెర్ట్జే. మూడోది, ఈ ప్లేయరును బాబాయి గుర్తుగా దాచుకుని, 230 వోల్టులదో, డీసీ మోటారుదో ఇంకొకటి కొనుక్కోవడం. వెనక ఉన్న రేకు మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉండి, పుల్లీ దొరక్కపోతే, మూడోదే తక్కువ తలనొప్పి. అన్నట్టు, డీసీ మోటారు ప్లేయర్లకూ, క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ ప్లేయర్లకూ ఈ హెర్ట్జ్ బాధ లేదు. లెక్క 100 వచ్చిందంటే మీది ఆ జాతిది, అప్పుడు తప్పు వేరే చోట వెతకాలి.

అందాకా ఎక్కువసేపు ఆడించకండి. 60 హెర్ట్జ్ మోటారు 50 మీద మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతుంది.

ముల్లు సంగతి రెండు ముక్కలు. ఎన్నాళ్లు వాడారో తెలియని ముల్లుతో ఈ రికార్డులు ఆడించకండి, ముందు కొత్త ముల్లు వేయించండి. ఆ తర్వాత యాంటీ స్కేటింగ్ (ముల్లు లోపలి వైపుకు జారకుండా ఆపే మీట) సున్నాకి పెట్టి, వెనక బరువు తిప్పుతూ టోన్ ఆర్మ్ (ముల్లును మోసే కడ్డీ) గాల్లో సమంగా తేలేట్టు చేయండి. అక్కడ అంకెల చక్రాన్ని సున్నాకి తెచ్చి, ఇప్పుడు బరువూ చక్రమూ కలిపి తిప్పి కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించిన చిన్న దిమ్మ) కంపెనీ చెప్పిన గ్రాములు పెట్టండి. మామూలు మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌లకు అది 1.5 నుంచి 2 గ్రాముల మధ్య ఉంటుంది, యాంటీ స్కేటింగ్ కూడా అదే అంకె. తక్కువ బరువు పెడితే రికార్డుకు మేలని చాలామంది అనుకుంటారు. నిజానికి తేలికైన ముల్లు గాడిలో అటూ ఇటూ ఎగిరి గోడలు చెక్కుతుంది. విశాఖ తేమగాలికి అట్టపెట్టెల్లో బూజు పడుతుంది. రికార్డులు నిలువుగా పెట్టండి, పాత కాగితపు తొడుగులు మార్చండి, ఆడించే ముందు ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్‌తో ఒకసారి తుడవండి. బూజు ఉంటే డిస్టిల్డ్ నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం వేసి, మెత్తని గుడ్డతో గాడి వెంట తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో కడగండి. లేబుల్ తడవకూడదు. కుళాయి నీళ్లు వద్దు, ఎండాక ఉప్పు గాడిలో మిగులుతుంది.

ఇక పాటలు. మొదట మషీన్ హెడ్ పెట్టండి. అందరూ చెప్పేది అదే కదా అని వేరే పేరు చెప్పాలనిపిస్తుంది కానీ, ఇక్కడ అందరూ చెప్పేదే సరైనది. 1972 మార్చిలో వచ్చింది, ఏడు పాటలు, మొత్తం ముప్పై ఏడు నిమిషాల చిల్లర. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రెండో పక్క మొదటి పాట. ముందే దానికి దూకకండి. మొదటి పక్క మొదటి పాట ‘హైవే స్టార్’ని చెవుల శిక్షణగా వాడుకోండి.

ఈ బ్యాండు గుట్టంతా ఒక విషయంలో ఉంది. ఆర్గన్ వాయించే జాన్ లార్డ్ తన హమ్మండ్ ఆర్గన్‌ను గిటారు వాళ్లు వాడే మార్షల్ యాంప్లిఫయర్‌కి తగిలించాడు. ఆర్గన్ గిటారులా గర్జిస్తుంది. అందుకే కొత్తవాళ్లకు రెండూ కలిసిపోయి ఒకటే గోలగా వినిపిస్తాయి. విడదీసి వినడం తెలిస్తే పాట తెరుచుకుంటుంది. గుర్తు ఇది: ఆర్గన్ మీట నొక్కినంతసేపూ నాదం ఒకే బలంతో నిలబడుతుంది. గిటారు తీగ మీటగానే బలంగా మొదలై తగ్గుతుంది, పైగా రిచీ బ్లాక్‌మోర్ తీగను లాగి స్వరాన్ని వంచుతాడు, గమకంలాగా. ‘హైవే స్టార్’లో రెండు చరణాలయ్యాక వచ్చే సుదీర్ఘ సోలో (ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగం) ఆర్గన్‌ది. ఇంకో చరణం తర్వాత వచ్చేది గిటారుది. ఆ గిటారు భాగంలో పొడిపొడి స్వరాలు బారులు తీరి దిగే చోటు ఉంది చూడండి, అది జర్మన్ స్వరకర్త బాఖ్ తరహా స్వరక్రమం. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని హార్డ్ రాక్‌లోకి తెచ్చిన సోలోల్లో దీన్నే అందరూ ముందు చెప్పుకుంటారు. ‘పిక్చర్స్ ఆఫ్ హోమ్’ ఇయన్ పెయిస్ డ్రమ్స్‌తో మొదలవుతుంది, మధ్యలో రోజర్ గ్లోవర్ బాస్ గిటారు ఒంటరిగా మాట్లాడుతుంది. రెండో పక్క ‘లేజీ’ ఆర్గన్‌తో మొదలవుతుంది. ఈ మూడు పాటల్లో నలుగురు వాద్యకారులు విడివిడిగా దొరుకుతారు. గొంతు ఇయన్ గిల్లన్‌ది. అయిదుగురూ అయిపోయారు.

ఫోన్లోనో ఇయర్‌ఫోన్లలోనో వింటే బాస్ పెంచే ఈక్వలైజర్ తీసేయండి. ఆర్గన్, గిటారు రెండూ మధ్య స్థాయిలోనే ఉంటాయి. బాస్ పెంచితే ఆ మధ్యంతా ముద్దయిపోతుంది.

‘స్మోక్ ఆన్ ద వాటర్’ కథ ఆ ఆల్బమ్ పుట్టుకే. 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ వెళ్లారు. రోలింగ్ స్టోన్స్ బ్యాండు వాళ్ల సంచార స్టూడియో ట్రక్కును అద్దెకు తీసుకుని, సరస్సు ఒడ్డునున్న కాసినోలో రికార్డు చేయాలని పథకం. డిసెంబర్ 4న అదే కాసినోలో అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్ (మంట వెలుగు చిమ్మే సంకేత తుపాకీ) పేల్చారు, కాసినో మొత్తం కాలిపోయింది. సరస్సు మీదికి పరుచుకున్న ఆ పొగే పాట పేరు. తర్వాత పెవిలియన్ అనే థియేటర్లో ఈ పాట వాద్య భాగం రికార్డు చేస్తుండగానే రాత్రిపూట ఆ మోత భరించలేక ఇరుగుపొరుగు గొడవ చేశారు, పోలీసులొచ్చి ఆపించారు. చివరికి చలికాలమని మూసేసిన గ్రాండ్ హోటల్లో, నడవాల్లో పరుపులు అడ్డం పెట్టుకుని మిగతాదంతా పూర్తిచేశారు. ఇంజినీరు మార్టిన్ బర్చ్. వాయించే చోటి నుంచి ట్రక్కు దాకా వెళ్లి విని రావడం అంత పెద్ద ప్రయాణమైంది కాబట్టి, వాయించింది మళ్లీ మళ్లీ వినుకుని దిద్దుకోవడం తగ్గించేశారు. ఆ రికార్డులో ఉన్న తాజాదనానికి ఇదీ ఒక కారణమే. ఇంకో తమాషా: 2024లో వచ్చిన మషీన్ హెడ్ ప్రత్యేక సంచికకు కొత్త మిక్సింగ్ చేసింది ఫ్రాంక్ జప్పా కొడుకు డ్వీజిల్ జప్పా.

పాట మొదలు వినేటప్పుడు ఒక్కొక్కరూ ఎలా వచ్చి చేరుతున్నారో లెక్కపెట్టండి. గిటారు ఒంటరిగా, తర్వాత హై హ్యాట్ తాళం, గరుకు ఆర్గన్, ఆపైన పూర్తి డ్రమ్స్, అన్నిటికంటే చివర బాస్. బాస్ వచ్చి చేరినప్పుడు నేల కుదురుకున్నట్టు ఉంటుంది. వేగం తగ్గిన ప్లేయరులో ఆ కుదురే పోతుంది, అంతా బురదలో నడకలా ఉంటుంది.

మీ చెల్లికి. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఎత్తుగడను చాలామంది మంద్ర తీగల మీద, ప్లెక్ట్రమ్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో), కిందికి గట్టిగా బాదుతూ నేర్పుతారు. అందుకే రికార్డులా ఉండదు. బ్లాక్‌మోర్ వాయించింది మధ్యలో ఉన్న డి, జి తీగల మీద, రెండు తీగల్లోనూ ఒకే మెట్టు నొక్కి. వరస ఇది (0 అంటే ఖాళీ తీగ, మిగతావి మెట్ల నంబర్లు): 0, 3, 5, తర్వాత 0, 3, 6, 5, మళ్లీ 0, 3, 5, ఆపైన 3, 0. మన స్వరాల్లో చెప్పుకుంటే జి తీగ మీద స గ మ, స గ మ మ, స గ మ, గ స. గాంధారం సాధారణం. మొదటి స గ మలో మధ్యమం శుద్ధం. రెండో ముక్కలో ముందు ప్రతి మధ్యమం తాకి, వెంటనే శుద్ధ మధ్యమానికి దిగుతుంది. ఆ పాటకున్న కారమంతా ఆ ఒక్క దిగుడులో ఉంది. కింద డి తీగ ప్రతి స్వరానికీ నాలుగో స్వరం దూరంలో తోడు మోగుతుంది. పవర్ కార్డు అని నేర్పేది అయిదో స్వరం దూరం, దాని రంగు వేరు.

వాయించడం ప్లెక్ట్రమ్‌తో కాదు. బొటనవేలితో డి, చూపుడు వేలితో జి, రెండూ ఒకేసారి చిమటాతో పట్టి వదిలినట్టు లాగాలి. బాదితే రెండు తీగలు ఒకదాని వెనక ఒకటి మోగుతాయి, లాగితే రెండూ ఒక్క క్షణంలో పలుకుతాయి. రికార్డులో ఉన్న ఆ ‘టక్’ అనే అంచు అదే. ఖాళీ తీగల్ని వదిలేస్తే మోగుతూనే ఉంటాయి. స్వరం అవ్వగానే ఎడమచేతి వేళ్లు తేలిగ్గా ఆనించి ఆపాలి. ఈ పాటలో నిశ్శబ్దాలు కూడా స్వరాలంత ముఖ్యం. కాలంలో జరిగే తప్పు ఇంకొకటి ఉంది. మొదటి స గ మ సరిగ్గా దెబ్బల మీద పడుతుంది. రెండో ముక్క మాత్రం తర్వాతి ఆవర్తం మొదలవడానికి అర దెబ్బ ముందే ఎత్తుకుంటుంది. దాన్ని కూడా దెబ్బ మీదే మొదలుపెడితే పాట బ్యాండు మేళంలా కవాతు చేస్తుంది. కాలు తాటిస్తూ, గిటారు లేకుండా నోటితో పది సార్లు అనుకున్నాక వాయించమనండి. డిస్టార్షన్ (గిటారు నాదాన్ని గరుకు చేసే అమరిక) కూడా ఆమె అనుకునే దానిలో సగమే చాలు. రికార్డులో గరుకుగా వినిపించేదాంట్లో కొంత ఆర్గన్‌ది, ఆ ఎత్తుగడను జాన్ లార్డ్ కూడా తోడుగా వాయిస్తాడు.

రెండోది మేడ్ ఇన్ జపాన్. మషీన్ హెడ్ బాగా చెవికెక్కాకే పెట్టండి, మధ్యలో వారమైనా ఎడం ఉంటే మంచిది. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యో బుడోకాన్‌లో చేసిన కచేరీల నుంచి ఏరిన ఏడు పాటలు. వాటిలో నాలుగు మషీన్ హెడ్‌వే. చదివిన కథనే రంగస్థలం మీద చూసినట్టు ఉంటుంది. స్టూడియోలో నాలుగున్నర నిమిషాలున్న ‘స్పేస్ ట్రకిన్’ ఇక్కడ ఇరవై నిమిషాలకు కొద్ది సెకన్లు తక్కువ, రికార్డు నాలుగో పక్క మొత్తం అదొక్కటే. ‘లేజీ’ పది నిమిషాలు దాటింది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అనే లెక్కతో వింటే విసుగొస్తుంది. కీర్తన తర్వాత తని ఆవర్తనం, స్వరకల్పన సాగినట్టు వినండి, అక్కడ పాట అనేది బయల్దేరే చోటు మాత్రమే. ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్’లో గిటారు ఒక మాట అంటే గిల్లన్ గొంతు అదే మాట తిరిగి అంటుంది, ఆ ప్రశ్నోత్తరాలు మన కచేరీల్లో వయొలిన్ విద్వాంసుడు గాయకుణ్ణి అనుసరించే తీరును తిరగేసినట్టు ఉంటాయి. ఒక చెవి ఇయర్‌ఫోన్ తీసి చూడండి, తర్వాత రెండోది. ఎవరు ఏ పక్కన నిలబడి వాయిస్తున్నారో తెలిసిపోతుంది. ఏడు రికార్డుల్లో ఒక్కటే ఉంచుకోమంటే దీన్ని ఉంచుకోవచ్చు.

మూడోది ఇన్ రాక్, 1970. కవరు మీద రష్‌మోర్ కొండలో అమెరికా అధ్యక్షుల ముఖాలకు బదులు వీళ్ల అయిదు ముఖాలుంటాయి. దీనికి ముందు 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి జాన్ లార్డ్ రాసిన కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన) వాయించారు. ఆర్కెస్ట్రాతో వాయించే బ్యాండని పేరు పడిపోతుందేమోనని, మేం రాక్ బ్యాండే అని గొంతు చించుకుని చెప్పినట్టు చేసిన ఆల్బమ్ ఇది. మీది అమెరికా ముద్రణ అయి ఉంటుంది కాబట్టి ‘స్పీడ్ కింగ్’ నేరుగా మొదలవుతుంది. బ్రిటన్ ముద్రణలో దానికి ముందు వాద్యాలన్నీ ఒక్కసారి విరుచుకుపడే గోల ఉంది. దాన్ని ఫోన్లో ఒకసారి వినండి, ఆల్బమ్ తలుపు అదే.

‘చైల్డ్ ఇన్ టైమ్’ మొదటి పక్క చివరి పాట, 10 నిమిషాల 18 సెకన్లు. మెల్లగా ఆర్గన్, కొన్ని మాటలు, ఆ తర్వాత మాటల్లేని ఆలాపన మెట్టు మెట్టుగా తారస్థాయికి ఎక్కి అరుపు అవుతుంది. ఆపైన గిటారు కాలం పెంచుకుంటూ పోయి ఠక్కున ఆగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఆర్గన్ వరసకు మూలం ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే శాన్ ఫ్రాన్సిస్కో బ్యాండు పాట, పేరు ‘బాంబే కాలింగ్’. 1995లో డీప్ పర్పుల్ నిజంగానే బొంబాయి వచ్చి కచేరీ చేసింది, ఆ రికార్డింగు తర్వాత అదే పేరుతో వచ్చింది. ఈ పాట మీ ముల్లుకు పరీక్ష కూడా. రికార్డు లోపలి వైపుకు వచ్చేకొద్దీ ఒక్కో చుట్టులో గాడి పొడవు తగ్గుతుంది, అవే ధ్వనులు ఇరుకులో సర్దుకోవాలి. గిల్లన్ తారస్థాయి సరిగ్గా అక్కడ పడింది. అరుపులు గరగరమని చిరిగినట్టు వస్తే ముల్లు అరిగింది, లేదా కార్ట్రిడ్జ్ వంకరగా బిగించి ఉంది. శుభ్రం చేశాక, కొత్త ముల్లుతో కూడా చిరుగుతుంటే ఆ గాడి ముందెప్పుడో పాడైపోయింది, దానికి మందు లేదు.

గాయకులు మారడం గురించి. అభిమానులు ఈ బ్యాండును మార్క్ 1, మార్క్ 2 అని జట్ల వారీగా చెప్పుకుంటారు. 1968లో మొదలైన మొదటి జట్టు రికార్డులు మీ దగ్గర లేవు, ఇప్పుడు అక్కర్లేదు. గిల్లన్, గ్లోవర్ 1969లో వచ్చి చేరడంతో మార్క్ 2 అయింది. మీ ఏడింటిలో ఆరు ఆ జట్టువే. 1973 జూన్‌లో ఆ ఇద్దరూ వెళ్లిపోయారు. బదులుగా, అప్పటికి ఎవరికీ తెలియని, బట్టల దుకాణంలో పనిచేస్తున్న డేవిడ్ కవర్డేల్ గాయకుడిగానూ, గ్లెన్ హ్యూస్ బాస్ వాయిస్తూ పాడేవాడిగానూ వచ్చారు. ఆ జట్టు మొదటి ఆల్బమ్ 1974 నాటి బర్న్, మీరు నాలుగోదిగా వినాల్సింది. రెండు గొంతులు ఒకదాన్నొకటి తరుముతాయి. బొంగురుగా, కిందుగా ఉన్నది కవర్డేల్, పైన పదునుగా ఉన్నది హ్యూస్. ‘మిస్ట్రీటెడ్’ మాత్రం కవర్డేల్ ఒక్కడిదే. గిల్లన్ కోసం వెతుకుతూ వింటే నచ్చదు. వేరే బ్యాండు అనుకుని పెట్టండి. మొదటి పాటలో పెయిస్ డ్రమ్స్ ఒక్క క్షణం కూడా ఊరుకోవు, డ్రమ్స్ నేర్చుకునేవాళ్లకు అదొక్కటే ఏడాది పాఠం.

ఫైర్‌బాల్, 1971, బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లిన ఆల్బమే అయినా కాస్త ఎగుడుదిగుడు. మొదట వినిపించే హోరు ఎయిర్ కండిషనర్ ఆన్ చేసిన చప్పుడు, మీ యాంప్లిఫయర్ చెడిపోయిందని కంగారుపడొద్దు. మీ అమెరికా ముద్రణలో ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్’ ఉంటుంది, బ్రిటన్ ముద్రణలో ఆ చోట ‘డీమన్స్ ఐ’. రెండోది ఫోన్లో వెతుక్కోండి, నష్టపోకూడని పాట. 1984లో మార్క్ 2 అయిదుగురూ మళ్లీ కలిసి చేసిన పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్ ఆరోది. శబ్దం ఎనభైలది, డ్రమ్స్ పెద్ద హాల్లో మోగినట్టు ఉంటాయి. పేరు పాట ఒక్కటి చాలు, ఆ ఆర్గన్ ఇంకా చావలేదని తెలియడానికి. హూ డూ వుయ్ థింక్ వుయ్ ఆర్ ఆఖరున. అలసిపోయి, ఒకరితో ఒకరు మాట్లాడుకోని రోజుల్లో చేసిన రికార్డు, అది వినిపిస్తుంది. ‘వుమన్ ఫ్రమ్ టోక్యో’, ‘రాట్ బ్యాట్ బ్లూ’ వినేసి పక్కన పెట్టినా పాపం లేదు.

మీ పెట్టెలో లేనివి రెండున్నాయి. 1970లో విడిగా సింగిల్‌గా వచ్చిన ‘బ్లాక్ నైట్’, ఇన్ రాక్ అసలు రికార్డులో లేదు. మషీన్ హెడ్ కోసమే రికార్డు చేసి ఆల్బమ్‌లో చేర్చకుండా ‘నెవర్ బిఫోర్’ సింగిల్ వెనక పక్కన వేసిన ‘వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్’. ఫోన్లో వినేటప్పుడు సంచిక ఏదో చూసుకోండి. 1997 నాటి మషీన్ హెడ్ ఇరవై అయిదేళ్ల సంచికలో రెండు డిస్కులున్నాయి, ఒకటి రోజర్ గ్లోవర్ కొత్తగా మిక్స్ చేసినది, ఇంకొకటి పాత మిక్స్‌నే శుభ్రపరిచినది. మీ రికార్డుతో పోల్చాలంటే రెండోదే పెట్టాలి, రెండిటి శబ్దం స్థాయి చెవికి సమానంగా సర్దుకున్నాక. లేకపోతే ఏది గట్టిగా ఉంటే అదే బాగుందనిపిస్తుంది. పుల్లీ మార్చాక మాత్రం ముందు ఆ 3 నిమిషాల లెక్క మళ్లీ పెట్టండి. 99 నుంచి 101 దాకా వస్తే, చెల్లిని గిటారు మామూలు శ్రుతికే కట్టుకుని రమ్మనండి.